కాలు పంచితే సరిపోయిందా?

కృత్రిమ అవయవాల కేంద్రం గురించి రాసుకు రమ్మని ఎడిటర్ పంపారు. అక్కడి ఇన్‌చార్జిగారు కాళ్ల పంపిణీ క్యాంపుల ఫొటోలు చూపించబోయారు. నేను కాళ్లు తయారుచేసే మేస్త్రీ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆయన ముందున్నది మోకాలి కింద తీసేసిన కాలు. తడి పీవోపీ బ్యాండేజీ చుట్టి, గట్టిపడేలోపు మోకాటి చిప్పకు కాస్త దిగువన రెండు బొటనవేళ్లతో నొక్కిపట్టాడు మేస్త్రీ. ఒంటి బరువు ఎక్కువగా పడాల్సింది అక్కడే. ఎముక కొన మీద పడిందా, నాలుగడుగులు కూడా వెయ్యలేరు. ఆరిన అచ్చులో ప్లాస్టర్ పోసి దిమ్మ తీశాడు. ఆకురాయితో కొంత గీసి, కళ్లు మూసుకుని తడిమి, ఎముక పొడుచుకొచ్చే చోట ఇంకాస్త ప్లాస్టర్ మెత్తాడు. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు ముక్కను ఓవెన్‌లో మెత్తబరిచి, అటెండరు సాయంతో దిండుకు గలేబు తొడిగినట్టు దిమ్మ మీదికి లాగేశాడు; కాలు ఇమిడే సాకెట్ అదే. టేపుతో కొలవగా నేను చూడలేదు, అంతా వేళ్ల లెక్కే.

ఆ సాకెట్‌కు బిగించేది జైపూర్ పాదం. చెప్పులు అక్కర్లేదు, బురదలో దిగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. 1960ల చివర్లో జైపూర్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ, రామచంద్ర శర్మ అనే పనివాడు కలిసి చేశారు. సేథీగారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శర్మ పేరు మనలో ఎందరికి తెలుసు?

బయట బెంచీ మీద, సుగరు పుండుతో కాలు పోయిన ఒకాయన పక్కావిడతో అంటున్నాడు: "క్యాంపులో దండేసి మరీ ఇచ్చారమ్మా. నాలుగు నెలలకే వదులైపోయింది. గుడ్డలు కుక్కుకుని నడిస్తే పుండు పడింది. ఇక్కడికి రెండు బస్సులు మారాలి, తోడొచ్చినోడి కూలీ పోద్ది."

"మావాడిదైతే మేకుకి తగిలించేశాం" అందావిడ.

మేస్త్రీని అడిగితే, "వదులవక ఏమవుద్ది సార్! వాపు తీసి కాలు సన్నబడుద్ది, సాకెట్ మార్చాలి. పిల్లలకైతే ఎదిగేకొద్దీ మారుస్తానే ఉండాలి. క్యాంపోళ్లు మళ్లా రారుగా" అన్నాడు. నడక నేర్పడానికి వేసిన రెండు కమ్మీల మధ్య పాత ఫైళ్ల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒళ్లు మండింది.

వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. పునరావాస సేవలు వీలైనంత త్వరగా మొదలుకావాలని, పల్లెల్లో సైతం మనిషి ఉన్నచోటికి దగ్గరగా దొరకాలని దాని 26వ అధికరణం చెబుతోంది. రెండు బస్సులు మారడం దగ్గరా? మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ కూడా పునరావాసం ప్రభుత్వాల బాధ్యతేనంది, కాకపోతే 'ఆర్థిక స్తోమత మేరకు' అని ఒక తోక తగిలించింది. పంచిన కాళ్లకు లెక్కుంటుంది, ఫొటో ఉంటుంది. కమ్మీలు పట్టుకుని వారాల తరబడి నేర్చుకునే నడకను ఎవరు ఫొటో తీస్తారు!

వికలాంగులకిచ్చే పింఛను వద్దని కాదు, ఇంకా పెంచినా మంచిదే. కానీ పింఛను కోసం తీసుకునే సదరం సర్టిఫికెట్ వైకల్యం ఎంత శాతమో చెబుతుంది తప్ప, ఆ మనిషి మళ్లీ పొలం గట్టెక్కడానికి ఏం చెయ్యాలో చెప్పదు. అది చెప్పాల్సింది ఫిజియోథెరపిస్టు, ఇదిగో ఇలాంటి మేస్త్రీ. ఈయనకా రిటైర్మెంట్ దగ్గరపడింది. పని నేర్చుకునే కుర్రాడు పక్కన లేడు. వారానికి ఒక్క రోజైనా ఫిజియోథెరపిస్టు, మేస్త్రీ ఇద్దరూ ఏరియా ఆసుపత్రికి వచ్చి కూర్చునే ఏర్పాటు చెయ్యలేనంత పేదవి కావు మన ప్రభుత్వాలు.

మీ ఊళ్లో కాళ్ల పంపిణీ క్యాంపు పెడితే, వేదిక మీది పెద్దలను ఒక్కమాట అడగండి: ఆరు నెలలయ్యాక సాకెట్ ఎక్కడ మారుస్తారు?