నాయనమ్మ యిచ్చిన బ్యాటరీ

మా తాతగారికి ఒక పాత కెమెరా యుండెను. అది 1966వ సంవత్సరమున మొదట వెలువడిన మినోల్టా ఎస్.ఆర్.టి. 101 అను రకమునకు చెందినది. నేటి ఫోనులవలె అది తనంతట తాను బొమ్మ తీయదు. ఫిలిము చుట్టవలెను, దూరము సరిచూడవలెను, వెలుతురు కొలువవలెను. వెలుతురు కొలుచుటకు మాత్రము దాని అడుగుభాగమున గుండీవంటి చిన్న బ్యాటరీ యొకటి యుండును. కన్నుంచి చూచినచో ఒక ముల్లును, ఒక చిన్న వలయమును గనబడును. వలయమును ముల్లుతో గలిపినచో వెలుతురు సరిపోయినదని యర్థము.

గడచిన వేసవి సెలవులలో తాతగారు దానిని నా చేతికిచ్చి, "నా చేతులు వణకుచున్నవిరా అబ్బాయీ, ఇక నీవు తీయుము" అనిరి. లోపలి బ్యాటరీ ఏనాడో చచ్చియుండెను. పట్టణములోని యొక దుకాణమున అదే పరిమాణముగల బ్యాటరీ కొని తెచ్చితిని. అది చక్కగా అమరెను. పరీక్షించు మీటను త్రిప్పగా ముల్లు లేచి నిలిచెను. ఇంకేమి కావలెనని సంతోషించి, వసారాలో తాతగారిని, నాయనమ్మను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి ఫిలిమంతయు తీసితిని.

ఫిలిము కడిగి వచ్చునప్పటికి నెగటివులు మిక్కిలి పలుచగా నుండెను. నాయనమ్మ తెల్లచీర తెలియుచుండెను గాని, నీడలోనున్న తాతగారి ముఖమున కన్నుల జాడయే లేదు. "మరల తీసెదవులే" అని ఆయనయే నన్నోదార్చిరి. దసరాకు ముందే ఆయన కీర్తిశేషులైరి.

చాలదినములు ఆ కెమెరాను ముట్టనైతిని. తుదకు మా సైన్సు మాస్టరుగారితో చెప్పుకొనగా, "నిండు ఎండలో పెట్టి చూడుము" అనిరి. అట్టి ఎండలో 100 వేగముగల ఫిలిమునకు, కటకపు రంధ్రమును 16 అంకెవద్ద నిలిపినచో, సెకనులో సుమారు 125వ వంతు కాలము చాలునని ఛాయాగ్రాహకులు చెప్పు లెక్క. మా కెమెరా 250వ వంతు చాలుననెను! అనగా, కావలసిన వెలుతురులో సగమే ఫిలిముపై బడుచుండెను. వసారా వెనుక వాకిట గాయుచున్న ఎండ ఆ లోపమును మరింత పెంచినది. అది నేను చూచుకొనవలసినదే.

కారణమును మాస్టరుగారు విప్పిచెప్పిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో శామ్యూల్ రూబెన్ రూపొందించిన పాదరసపు బ్యాటరీ 1.35 వోల్టులను ఇంచుమించు తుదివరకు మార్పు లేక యిచ్చును. దానిని నమ్మియే ఈ మీటరును గట్టిరి. నేను వేసిన ఆల్కలీ బ్యాటరీ 1.5 వోల్టులతో మొదలై, వాడినకొలది తగ్గును. వోల్టులు హెచ్చగుటచే ముల్లు హెచ్చుగా లేచి, లేని వెలుతురును జూపెను. పరీక్షలో లేచిన ముల్లు బ్యాటరీ బ్రదికియున్నదని చెప్పెనే గాని, తగినదని చెప్పలేదు.

పాదరసము విషము. జపానులోని మినమాతా పట్టణమున కర్మాగారపు నీటితో సముద్రము జేరిన పాదరసము, చేపలద్వారా మనుష్యుల నరములను జెరచెను; ఆ వ్యాధి 1956లో బయటపడెను. అమెరికా 1996లో పాదరసపు గుండీ బ్యాటరీల అమ్మకమును నిషేధించెను. 2013లో ఆ పట్టణము పేరనే దేశములొక ఒడంబడిక చేసికొనగా, 2018లో మన దేశమును అందు జేరెను. నా బొమ్మ పోయినను, ఆ నిషేధము న్యాయమేయని తోచుచున్నది.

మరి బదులేమి? వెండి బ్యాటరీ 1.55 వోల్టులను నిలుకడగా నిచ్చును. చిన్న డయోడు నమర్చి ఆ వోల్టులను తగ్గించి వాడువారు కలరు. అంతకంటె సులభమైనది వినికిడి యంత్రములలో వేయు 675 అంకెగల జింకు-గాలి బ్యాటరీ. దానికి 1.4 వోల్టులు. పైనంటించిన చీటీ నూడదీయగనే సన్నని రంధ్రములగుండ గాలి లోపలికిబోయి అది పనిచేయసాగును. పిమ్మట కొద్దిమాసములలోనే, వాడినను వాడకున్నను, చచ్చును. పరిమాణము చిన్నది గనుక చుట్టును రబ్బరు వలయ మొకటి కావలెను.

ఈ మాట ఇంట చెప్పగా నాయనమ్మ తన పెట్టెలోనుండి ఒక బ్యాటరీ తీసి నా చేతిలో బెట్టి, "ఇన్నాళ్లును నా చెవిలోనే యున్నదిగదరా, అడుగవైతివి" అనెను. నాకు మాట రాలేదు.

సంక్రాంతినాడు అదే వసారాలో, ముఖముదగ్గర వెలుతురు కొలిచి, ఆమె బొమ్మ తీసితిని. ముఖముపై ప్రతి ముడుతయు స్పష్టముగా వచ్చినది. ప్రక్కకుర్చీ మాత్రము ఖాళీ. తొలి నెగటివులను గూడ పారవేయక దాచితిని.

సోదర విద్యార్థులారా! మరల తీయరాని బొమ్మను తీయుటకు ముందు, కొలుచుదానిని గూడ ఒకమారు కొలిచి చూచుకొనుడు.