వజ్రపరీక్ష

కర్నూలు జిల్లా మెట్టనేలకు తొలకరి రెండు ఆశలను మోసుకొని వస్తుంది. మొదటిది విత్తనం మీది ఆశ. రెండవది వజ్రం మీది ఆశ. తుగ్గలి మండలంలోని జొన్నగిరి పరిసరాల్లో తొలివానలు పైమట్టిని కడిగివేయగానే ఊరివారే కాక పొరుగు జిల్లాలవారు సైతం సద్దిమూటలతో పొలాల్లోకి దిగుతారు. నడుము వంచి, చూపు నేలకు ఆనించి, పొద్దు వాలేవరకు మెరిసే రాయి కోసం వెదకుతారు. కరవుకు అప్పులపాలైన రైతు, ఆనాటి కూలిని వదలుకొని వచ్చిన శ్రామికురాలు ఆ వరుసలోనే కనిపిస్తారు.

ఈ వెదకులాట వట్టి భ్రమ కాదు. బనగానపల్లె గులకశిలల్లోను, కడప చెంత పెన్న ఒడ్డునున్న చెన్నూరులోను పూర్వం వజ్రాలు తవ్వారు. అనంతపురం జిల్లా వజ్రకరూరుకు పేరులోనే వజ్రముంది. భూమిలో నూటయాభై కిలోమీటర్లకు మించిన లోతున పుట్టిన వజ్రాలను కింబర్లైట్ అనే అగ్నిశిల పైకి తెచ్చింది. యుగయుగాల వానలు ఆ శిలను అరగదీసి వాటిని మట్టిలో చల్లాయి.

అయితే ఈ నేలలో వజ్రాల కంటె పలుగురాళ్లే మెండు. రెండూ ఎండకు మెరిసేవే. దొరికిన రాయి ఏదో తేల్చుకోవడమెలా? సమ్మెటతో కొట్టినా నిజమైన వజ్రం పగలదన్న నమ్మకం లోకంలో చాల పాతది. రోమన్ పండితుడు ప్లినీ అట్లే రాశాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం కూడ దెబ్బకు ఓర్చుకోవడాన్ని మేలైన వజ్రపు లక్షణాలలో చేర్చింది. సమమైన మూలలను, పాత్రపై గీత గీయగల శక్తిని కూడ పేర్కొన్నది. గీత మాట నిజం. దెబ్బ మాట మాత్రం నమ్మదగినది కాదు.

వజ్రం ఏకస్ఫటికం. అనగా ఒక కొస నుండి మరొక కొస వరకు పరమాణువులు ఒకే క్రమంలో అమరిన ఘనపదార్థం. అందులో ప్రతి కర్బన పరమాణువు నాలుగు పరమాణువులతో గట్టిగా పెనవేసుకొని ఉంటుంది. కనుకనే మోస్ కాఠిన్యమానంలో పలుగురాయిది 7, వజ్రానిది 10. కాని ఆ అమరికలోనే నాలుగు దిశల తలాల మధ్య బంధాలు పలుచగా ఉంటాయి. ఆ తలం వెంట దెబ్బ తగిలితే రాయి చీలిపోతుంది. గీతకు లొంగనిది దెబ్బకు లొంగుతుంది. స్ఫటికపు బలం దిశను బట్టి మారుతుందన్నమాట. 1940వ దశకంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన సూరి భగవంతం, భీమసేనాచార్‌తో కలసి అతిధ్వని తరంగాల సాయంతో వజ్రపు స్థితిస్థాపకతను కొలిచారు.

విద్యుత్తు విషయంలోనూ అమరికదే శాసనం. కర్బన పరమాణువుకున్న నాలుగు బాహ్య ఎలక్ట్రాన్లు బంధాలలో చిక్కుకొని ఉండడం వలన వజ్రంలో విద్యుత్తు ప్రవహించదు. అదే కర్బనం పొరలు పొరలుగా అమరిన గ్రాఫైట్‌లో ప్రవహిస్తుంది. వజ్రంలో అక్కడక్కడ బోరాన్ చేరితే ఎలక్ట్రాన్లకు కొరత ఏర్పడుతుంది. ఆ వెలితి ద్వారానే విద్యుత్తు నడుస్తుంది, రాయికి నీలివన్నె వస్తుంది. కృష్ణాతీరపు కొల్లూరులో దొరికిందని భావించే, నేడు వాషింగ్టన్‌లో ఉన్న హోప్ వజ్రం అట్టి అర్ధవాహకమే.

విద్యుత్తును ఆపే ఈ రాయి వేడిని మాత్రం రాగి కంటె సుమారు ఐదు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. తాకితే చల్లగా తోచేది అందువల్లనే. వ్యాపారి చేతిలోని కలం వంటి పరికరం రాయికి కొసను ఆనించి ఈ గుణాన్నే పరీక్షిస్తుంది. పలుగురాయి, గాజు అక్కడే తేలిపోతాయి. రాయికి గాటు కూడ పడదు.

కొనేవాని వద్ద పరికరముంది. అమ్మేవానికున్నది అవసరమొక్కటే. ఆ ఇద్దరి నడుమ ధర నిలిచేది రాయి గుణం తెలిసినప్పుడే. ఏడాది తిండి గింజలకు సరిపోయే రాయిని ఒక్క సమ్మెట దెబ్బతో పొడి చేసుకొని, వజ్రం కాదులే అని పారవేసి ఇంటికి మరలడం కంటె నష్టమేముంటుంది? పగిలినది వజ్రమే కావచ్చు. కొంగుముడిలో రాయితో ఇల్లు చేరిన శ్రామికురాలికి, ఆమె బిడ్డ కళాశాలలో చదివిన స్ఫటికపాఠం ఈ ఒక్క మాట చెప్పగలిగితే ఆ చదువు సార్థకమే.