బాన్సువాడలో 'పోయొస్త'

మా పెద్దమ్మాయిని బాన్సువాడ ఇచ్చాం. వాళ్ళూ తెలుగువాళ్ళే కదా, భాషకేం ఇబ్బంది అనుకున్నాం. ఆ ధీమా కాస్తా ఒక్క మాటతో ఎగిరిపోయింది.

వియ్యపురాలిని ఆసుపత్రిలో చేర్చారని కబురందితే నేనూ, మా ఆవిడా రాత్రికి రాత్రి బయలుదేరాం. నిజామాబాదులో దిగి బస్సెక్కాం. దారి పొడుగునా కాలవలు, వరిచేలు. మంజీర మీద 1923 నుంచి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ చలవ అది. ఆ నీటిని నమ్ముకొని కోస్తా రైతులు ఎందరో తరలివచ్చారు. వాళ్ళు వెలయించిన ఊళ్ళను ఈనాటికీ 'క్యాంపు'లనే అంటారు. "అచ్చం మన కృష్ణాజిల్లాలాగే ఉందండీ!" అంది మా ఆవిడ, కాస్త ధైర్యం తెచ్చుకొని.

ఆసుపత్రి గుమ్మంలోనే ఆయా ఎదురైంది. ఫలానావారి బంధువులమని చెప్పగానే చల్లగా నవ్వి, "ఫికర్ చెయ్యకుండ్రి సారూ! అమ్మ ఇయ్యాల పొద్దుగూకక ముందే పోతది" అంది.

మా ఆవిడ అక్కడే బల్లమీద కూలబడింది. నా చేతిలోని కమలాపళ్ళ సంచి జారిపోయింది. మా వైపు మనుషులు వెళతారు, వస్తారు. 'పోవడం' మాత్రం ఒక్కసారే! ఇంతలో అమ్మాయి సామాను సర్దుకొని నవ్వుతూ వచ్చింది. డాక్టరుగారు ఇంటికి పంపించేస్తున్నారట. ఇక్కడ పోవడమంటే వెళ్ళడమేనట!

ఆ తర్వాత నాలుగు రోజులూ మా మనవరాలే నాకు దుబాసీ. బజారులో ఉల్లిపాయలంటే ఉల్లిగడ్డలు, వెల్లుల్లి అంటే ఎల్లిగడ్డ, గోంగూర అంటే పుంటికూర. దుకాణంలో ఉర్దూ, పక్కనే మరాఠీ. ఆశ్చర్యమేముంది? 1956 నవంబరు దాకా నాందేడూ, నిజామాబాదూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. 'వద్దు' అనడానికి దక్కనీ ఉర్దూలో వాడే 'నక్కో' కూడా మరాఠీ 'నకో' నుంచి వచ్చిందే. పెద్ద చదువుల పుస్తకాలను ఉర్దూలోకి మార్చడానికి ఆ రాష్ట్రంలో 1917లో ఒక అనువాద శాఖనే పెట్టారు. ఇంటి మాటలకు మాత్రం ఏ శాఖా లేదు. ఆ పని బజారే చేసుకుంది.

బట్టల దుకాణంలో సెలవు తీసుకొనే తీరు చూడాలి. ఒకాయన "ఖుదా హాఫిజ్" అన్నాడు. దేవుడే నీకు రక్ష అని. ఒక మరాఠీ ఆవిడ "యేతే" అంటూ వీధిలోకి నడిచింది. ఆ మాటకు 'వస్తాను' అని అర్థం. వెళుతూ వస్తానంటుందేమిటని నేను నవ్వితే, "నువ్వు వెళ్ళొస్తా అనవా తాతయ్యా?" అంది మనవరాలు. నా నోరు మూతపడింది.

మా అల్లుడి తమ్ముడు ఉద్యోగం కోసం జపాను భాష నేర్చుకుంటున్నాడు. ఇల్లు కదిలేటప్పుడు వాళ్ళు "ఇత్తెకిమాసు" అంటారట. సరిగ్గా మన 'వెళ్ళొస్తాను'! ఇంట్లోవాళ్ళు "ఇత్తెరాస్షాయి" అని, అంటే వెళ్ళి రమ్మని పంపుతారు. అఫ్ఘనిస్థానంలో పష్తో మాట్లాడేవారు మాత్రం 'ద ఖుదాయ్ పామాన్' అని సెలవు తీసుకుంటారు. దేవుడి అండలో ఉండు అని. ఇక జపానువారి మాటను పష్తోలో పదానికి పదం పెడితే ఏం లాభం? రాకను చెప్పేచోట రక్షను చెప్పాలి. బాన్సువాడ బజారులో రోజూ జరిగేది అదే. ఒకరు "పోయొస్త" అంటే, ఇంకొకరు "ఖుదా హాఫిజ్" అంటారు. మాటలు వేరు, భయం ఒకటే. కళ్ళముందు నుంచి కదిలిన మనిషి మళ్ళీ కనబడాలి. ఆసుపత్రి బల్లమీద ఆ భయం రుచి చూశాం గనుక, నాకిది తేలిగ్గానే బోధపడింది.

మేము బయలుదేరిన రోజున వియ్యపురాలు, ఇంకా నీరసంగానే ఉన్నా, గోడ పట్టుకొని అరుగు దాకా వచ్చింది. "పోయి రాండ్రి అన్నయ్యా! పోయి రా వదినా!" అంది.

నలభై ఏళ్ళ కాపురంలో బయలుదేరేటప్పుడు ఎవరైనా 'పో' అంటే చెవులు మూసుకొనే మా ఆవిడ, వెనక్కి తిరిగి ఆమె చేతులు పట్టుకొంది.

"పోయొస్తాం వదినా! ఒళ్ళు పైలం!" అంది.