బొమ్మకో ఆఫీసు, ఆటకో ఆఫీసు

తోలు దీపాల మీద ఆదివారం అనుబంధానికి రెండు పేజీలు కావాలని మా సంపాదకుడు నన్ను రాయలసీమలోని నిమ్మలకుంటకు పంపాడు. ఫొటోలు బాగా వచ్చాయి. దీపాలెంత అందంగా ఉన్నాయో అవే చెబుతాయి కాబట్టి ఆ పని నేను పెట్టుకోను. ఊరు చూపించడానికి వెంట వచ్చిన కుర్రాడు ఇంటింటికీ తిప్పాలని చూశాడు గానీ, మొదటి ఇంటి వసారాలోనే నేను చతికిలబడ్డాను. అక్కడ ఒక పెద్దాయన మేకతోలు మీద ఉలి ఆడిస్తున్నాడు.

ఎడమచేతి మూడు వేళ్ల మధ్య ఉలి నిటారుగా నిలబడి ఉంది. కుడిచేతిలో చిన్న సుత్తి. టక్కుమని ఒక దెబ్బ, ఉలి నూలుపోగంత జరగడం, మళ్లీ దెబ్బ. ఆయన చూపు ఉలి మీద లేదు. ఇంకా పడని బెజ్జం ఎక్కడ పడాలో అక్కడ ఉంది. సీతమ్మ మెడలో ముత్యాల పేరు వేస్తున్నాడు. కింద గీత లేదు, చుక్క లేదు, అయినా వరస తప్పడం లేదు. పెద్ద ముత్యానికి ఒక ఉలి, చిన్నదానికి ఇంకొకటి, పూరేకుకు నెలవంక మొన ఉన్నది వేరే. తోలుకు పడ్డ బెజ్జాన్ని పూడ్చడం ఎవరి వల్లా కాదు. అందుకేనేమో, అంత వేగంలోనూ ఆ చేతిలో తొందర కనిపించలేదు. వెనక దీపం పెట్టినప్పుడు ఆ బెజ్జాల్లోంచి వచ్చే వెలుగే నగ.

తోలు కసాయి అంగడి నుంచి వస్తుంది. వేణ్ణీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో బిగదీసి ఆరబెడితే వెలుతురు ఇవతలికి దిగేంత పలచనవుతుంది. రంగు రెండు వైపులా వేస్తారు. ఒకప్పుడు దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత దేవుడూ రాక్షసుడూ ఇద్దరూ మేకతోలులోకే వచ్చారు.

"ఈ సీతమ్మకు భుజం దగ్గర కీలు లేదే తాతా?" అని అడిగాను.

"దీపానికి కీళ్లెందుకు సామీ? తిరిగేది లే, పలికేది లే. గోడకు అంటుకోని ఉంటాది" అన్నాడు, సుత్తి ఆపకుండానే.

అడగ్గా అడగ్గా లోపలి నుంచి రేకుపెట్టె తెప్పించాడు. అడుగున పాత ఆంజనేయుడు. అంచులు నల్లబడ్డాయి, ఒక చెవి అతుకు వేసింది. భుజాలకు, మోచేతులకు, మెడకు దారంతో వేసిన కీళ్లు. నడిమి పుల్ల పట్టుకుని ఆయన మణికట్టు ఒక్కసారి విదిలించాడు. అంతసేపూ కుదురుగా ముత్యాలు కుట్టిన చెయ్యేనా ఇది అనిపించింది. ఆంజనేయుడు ఎగిరాడు, వెనక్కి తిరిగాడు, భుజం చరుచుకున్నాడు. కింద చెక్క లేకపోయినా పెద్దాయన కాలు దానంతటది నేలను తన్నింది. తోలుబొమ్మలాటలో ఆడించేవాడి కాళ్ల కింద చెక్కపలకలు ఉంటాయి, యుద్ధానికీ ఉరుముకీ వాటి మోతే. మద్దెల, తాళాలు, హార్మోనియం పక్కవాళ్లవి. కదలనవసరం లేని బొమ్మల్ని ఈతముళ్లతో తెరకు గుచ్చి ఉంచుతారు, కదిలేవాటిని చేత్తో ఆడిస్తారు, పద్యం నోటితో పాడతారు. ఇంట్లో ఆరె మరాఠీ, తెర వెనక రంగనాథ రామాయణం. మధ్యమధ్య హాస్యపాత్రలు బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి ఊరి పెద్దల్ని వాయించి పోతారు. వాద్యాలు పక్కన పెడితే ఇదంతా ఒక్క మనిషి నేర్చిన విద్య. బొమ్మ గీయడం అందులో ఒక పాలు మాత్రమే.

నా ముచ్చట పక్కకు తిరిగింది వసారా అవతల మాటల వల్ల. ఆ ఇంటి కొడుకు, ఇంకో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. కళాబృందాలకు సాయం చేసే ఒక ప్రభుత్వ సంస్థ ఎంపికకు పిలిచిందట. ఏ సంస్థో నాకు తెలుసు, పేరు ఇక్కడ అనవసరం.

"పది నిమిషాల్లో లంకాదహనం చూపించాలంట. తోక చుట్టేకే అర్ధగంట పడ్తాది గదప్పా!"

ఇంకొకాయన నవ్వలేదు. "ఆట చూసి కాదు, కాయితాలు చూసి ఇస్తారు. రిజిస్టరు చేసిన సంఘం ఉండల్ల, మూడేండ్ల ఆడిట్ ఉండల్ల, పేపర్లో పడిన ముక్కలుండల్ల. బొమ్మకైతే ఆ ఆఫీసుకు పొమ్మంటారు. ఆటకైతే ఈ ఆఫీసుకు రమ్మంటారు. బొమ్మకో ఆఫీసు, ఆటకో ఆఫీసు. మనిషికి మాత్రం ఏ ఆఫీసూ లేదు."

ఇది ఉత్త రుసరుస కాదు, మన ప్రభుత్వ నిర్మాణమే అలా ఉంది. ఇదే ఆంజనేయుడు గోడకు అంటుకుంటే హస్తకళ, కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ కింద హస్తకళల అభివృద్ధి కమిషనర్ చూసుకుంటారు. లేచి ఎగిరితే ప్రదర్శన కళ, సాంస్కృతిక మంత్రిత్వ శాఖ, సంగీత నాటక అకాడమీ. భౌగోళిక గుర్తింపు వచ్చింది సరుకుకే. దీపం అమ్ముడవుతుంది కనక దాని వైపు మేళాలు, కార్డులు, శిక్షణలు ఉన్నాయి. ఆట అమ్ముడుపోదు కనక దాని వైపు దరఖాస్తు ఫారం ఉంది. 2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది, ఊరంతా పొంగిపోయింది, పొంగాల్సిందే. కానీ పద్మం ఒక మనిషి ఛాతీ మీదికి వస్తుంది. మద్దెల వాయించేవాడికి, పద్యానికి వంత పాడేవాడికి, మూడు రాత్రులు కూర్చుని చూసే జనానికి అది చేరదు.

ఆ జనం గురించే నా వాదన. ఇప్పుడు కళకు డబ్బిచ్చే చోట ముగ్గురు కూర్చుంటారు: అధికారి, పేరుపొందిన కళాకారుడు, పాలకులకు దగ్గరివాడు. చూసేవాడు కూర్చోడు. ఒకప్పుడు ఈ ఆటకు డబ్బిచ్చింది చూసేవాళ్లే. వాన రాకపోతే విరాటపర్వం ఆడించాలని ఊరు ఊరంతా గింజలు పోగేసేది. ఎవరి మేళం బాగుందో, ఎవరి గొంతు పోయిందో రచ్చబండ దగ్గర తేలిపోయేది. తెల్లవారుజామున జనం లేచిపోతే అదే తిరస్కరణ పత్రం. ఆ కాలం బంగారు కాలమని నేననను. తిండిగింజల కోసం ఊళ్లు పట్టుకు తిరిగిన కుటుంబాలకు ఆ ఏర్పాటులో మర్యాద ఎంత దక్కిందో పెద్దాయన ముఖం చూస్తేనే తెలుస్తుంది. ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో కూడా అదే ఊరు నిర్ణయించింది. అయినా ఒక్క మాట నిజం. తీర్పు చెప్పినవాళ్లు ఆట మొత్తం చూసి చెప్పారు.

కళకు డబ్బు తేల్చే చోట చూసేవాడూ ఉండాలన్న సంగతి స్వతంత్రం వచ్చిన కొత్తలో మనవాళ్లకు తట్టకపోలేదు. కేంద్ర సంగీత నాటక అకాడమీని 1953 జనవరి 28న పార్లమెంటు భవనంలో రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దాని తొలి అధ్యక్షుడు తెలుగువాడు, పి.వి.రాజమన్నారు. వృత్తికి అప్పటి మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఇష్టానికి నాటక రచయిత, ఆయన 'తప్పెవరిది'ని బళ్లారి రాఘవ ఆడాడు. పూర్తికాలం కళాకారుడు కాదు, సాంస్కృతిక శాఖ అధికారీ కాదు, మంత్రిగారి మనిషీ కాదు. కళ తెలిసిన పౌరుడు. ఒకడి కడుపు నింపే నిర్ణయం తీసుకునేటప్పుడు రెండు పక్షాలూ వినాలన్న అలవాటు న్యాయస్థానంలో పడ్డవాడు. ఇదే రాజమన్నారు తర్వాత నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షుడై రాష్ట్రాలకు కేంద్రం డబ్బు ఎలా పంచాలో చెప్పాడు. 1971లో కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద తమిళనాడు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక కూడా ఆయన కమిటీదే. డబ్బు ఇచ్చేవాడి దయ మీద పుచ్చుకునేవాడు బతకకూడదన్న ఆలోచన ఆ పనులన్నిటి వెనకా కనిపిస్తుంది. అలాంటివాణ్ణి వెతికి అకాడమీ కుర్చీలో కూర్చోబెట్టిన తరం మీద నాకు గౌరవం.

ఆ తరంలో కమలాదేవి చట్టోపాధ్యాయ కూడా ఉంది. 1952లో మొదలైన అఖిల భారత హస్తకళల మండలికి ఆమె నాయకత్వం వహించింది. 1977 నుంచి 1982 దాకా సంగీత నాటక అకాడమీకీ అధ్యక్షురాలు. బొమ్మ ఆఫీసులోనూ ఆట ఆఫీసులోనూ కూర్చున్న ఒకే ఒక్క పేరు నాకు తోచినంతలో ఇదే. నిమ్మలకుంట వసారాలో నేను విన్న ఫిర్యాదు ఆమె చెవిన పడి ఉంటే ఫైలు ఇటు నుంచి అటు ఆమే మోసుకుపోయేదని నా ఊహ.

మన రాష్ట్రం సంగతి ఇంకో తీరు. 1957 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు అకాడమీలుండేవి. సాహిత్యం, సంగీతం, నాటకం, చిత్రకళ, దేని లోపాలు దానికున్నా కనీసం తలుపు ఎక్కడుందో అందరికీ తెలిసేది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980ల తొలి ఏళ్లలో వాటిని రద్దు చేసింది. 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయంలో ఆ పని కలిసిపోయింది. రంగస్థలం ఎక్కి, సినిమాల్లో పేరు తెచ్చుకున్న మనిషి చేతుల మీదుగా నాటక అకాడమీ పోవడం ఏ నాటకకర్త అయినా రాయడానికి జంకే మలుపు. ముఠాలు, బంధుప్రీతి పేరుకుపోయాయన్నది అప్పటి వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ముఠాలను తీసేయడానికి తలుపునే పీకేశారు. విశ్వవిద్యాలయం చదువు చెబుతుంది, పరిశోధన చేయిస్తుంది. మద్దెలకు మూత బిగించుకోవడానికి డబ్బు కావాలని వచ్చినవాడికి ఏ శాఖ జవాబివ్వాలి?

తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అకాడమీలు, కమిషన్లు మళ్లీ వచ్చాయి. వచ్చిన దారి చూడండి: నామినేటెడ్ పదవుల జాబితా. గిడ్డంగుల సంస్థకు ఒకరు, మార్కెట్ కమిటీకి ఒకరు, కళలకు ఒకరు. ప్రభుత్వం మారిందా, కుర్చీ ఖాళీ. అందులో నిజంగా కళ తెలిసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మీద నాకు చిరాకు లేదు. వాళ్ల పదవీకాలం ఎన్నికలతో ముడిపడి ఉండటం మీద ఉంది. మేళం పెంచడానికి పిల్లవాణ్ణి పదేళ్లప్పుడు తెర వెనక కూర్చోబెడితే ఇరవై ఏళ్లకు పద్యం పట్టుబడుతుంది. ఈలోపు రెండు ప్రభుత్వాలు మారతాయి.

చూసేవాడికి చోటిచ్చిన దేశమూ ఉంది. అమెరికాలో 1965 చట్టంతో కళలకు జాతీయ నిధి పెట్టారు. దరఖాస్తుల్ని చూసే ప్రతి బృందంలోనూ కళ తెలిసి, దాని మీద బతకని మామూలు పౌరుడు ఒకరైనా ఉండాలన్న నియమం ఆ నిధికి ఉంది. అక్కడా అంతా సవ్యమేమీ కాదు. పైన ఉండే పౌరుల మండలి సలహా మాత్రమే ఇస్తుంది, చివరి సంతకం ఆ నిధి అధ్యక్షస్థానంలో ఉన్నవారిది. అప్పటికే మంజూరైన సాయాలను 2025లో ప్రభుత్వం మారాక ఎన్నిటినో ఉన్నపళంగా ఆపేశారు కూడా. కానీ ఆ ఒక్క నియమాన్ని మనం తెచ్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఎవరిని కూర్చోబెట్టాలని అడిగితే నాకు మొహమాటం లేదు. రాత్రంతా వీధినాటకం చూసి తెల్లారి బడికి పోయే తెలుగు పంతులు. భజన మందిరం లెక్కలు రాసే కిరాణా అంగడి ఆమె. హరికథలో తప్పు పడితే లేచి అడిగే రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్. ఇలాంటివాళ్లు లేని మండలం రాయలసీమలో ఒకటి చూపించండి. వీళ్లకు కళ తెలియదని ఎవరైనా అంటే జుట్టుపోలిగాడు వాళ్లను తెర మీదికి లాగుతాడు. అయితే వీళ్లు కూడా కులం చూస్తారు, ఊరి కక్షలు మోస్తారు. అందుకే ఏ ఊరివాళ్లనూ ఆ ఊరి మేళానికి పెట్టకూడదు, రెండేళ్లకు మించి ఎవర్నీ ఉంచకూడదు, ఎవరు ఎందుకన్నారో రాసి పెట్టాలి.

రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు నా వినతి ఇదే. కళాబృందాలకు సాయం తేల్చే ప్రతి కమిటీలో మూడో వంతు ప్రేక్షకులకు ఇవ్వండి. ఎంపికకు మేళాన్ని నగరానికి రప్పించకండి, కమిటీనే రాత్రి ఊరికి పంపండి, ఆట అయ్యేదాకా లేవనివ్వకండి. సాయం కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వండి. తోలుబొమ్మలాంటి కళలకు హస్తకళల అధికారి, అకాడమీ ప్రతినిధి ఒకే బల్ల ముందు కూర్చోవాలి, ఒకే దరఖాస్తు చాలు. అధ్యక్షుడి పదవీకాలాన్ని శాసనసభ గడువుతో కలపకండి. వీటిలో చాలావాటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.