మబ్బు పట్టిందా... కెమెరా తీయాల్సిందే!

కొత్తగా కెమెరా చేతికొచ్చిన వాళ్లంతా ముందు ఎండ కోసం చూస్తారు. వెలుతురు దండిగా ఉంటేనే ఫొటో బాగా వస్తుందని నమ్మకం. తీరా అరకు బయల్దేరిన రోజున ముసురు పట్టిందంటే ‘ఇంకేం ఫొటోలు’ అంటూ కెమెరాని బ్యాగులోనే ఉంచేస్తారు. ఒకవేళ తీసినా... కొండలు బూడిద రంగులో, మొహాలు నల్లగా, ఆకాశం తెల్ల కాగితంలా వస్తాయి. నేరం మబ్బుల మీద పడుతుంది.

నిజానికి మబ్బు చేసే మేలే ఎక్కువ. ఎండ ఒకే వైపు నుంచి సూటిగా పడుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఫొటోల్లో కళ్ల దగ్గర నల్లటి గుంటలు, ముక్కు కింద నీడ, చిట్లించిన చూపులు. మబ్బు కమ్మితే అదే వెలుగు ఆకాశమంతా పరుచుకుని మెత్తగా దిగుతుంది. కరెంటు దీపాలు లేని రోజుల్లో ఫొటో స్టూడియోల వాళ్లు అద్దాల పైకప్పు వేయించి, దాని కింద తెర గుడ్డలు కట్టింది ఇలాంటి వెలుగు కోసమే. ముసురు రోజున అది ఊరికే దొరుకుతుంది.

అయితే వెలుగు తగ్గే మాట నిజం. ఫిల్ము రోజుల నుంచీ ఫొటోగ్రాఫర్లకు ఒక లెక్క ఉంది. మంచి ఎండలో ఎఫ్ 16 పెట్టేచోట, దట్టమైన మబ్బులో ఎఫ్ 5.6 పెట్టాలి. అంటే వెలుగు ఎనిమిదో వంతుకు పడిపోయిందన్నమాట! మన కన్ను వెంటనే సర్దుకుంటుంది కాబట్టి అంత తేడా తెలియదు. కెమెరాకి మాత్రం మనమే సాయం చేయాలి. ఐఎస్‌ఓ 100 బదులు 400 పెడితే, చేతిలో పట్టుకుని తీసినా ఫొటో చెదరకుండా సెకనులో 125వ వంతు షట్టర్ వేగం దొరుకుతుంది.

మరి మొహాలు నల్లబడేది ఎందుకు? ఫ్రేములోకి వచ్చిన ఆకాశం వల్ల. మబ్బు పట్టినా అన్నిటికన్నా ప్రకాశంగా ఉండేది అదే. కెమెరా లోపలి మీటరు దాన్ని చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. దీనికి విరుగుడు రెండు. మొదటిది, మనిషి వెనక ఆకాశం కాకుండా చెట్టో గోడో ఉండేలా నిలబడటం. రెండోది, ప్లస్, మైనస్ గుర్తులుండే ‘ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్’ను ప్లస్ 0.7కో, 1కో జరపడం. ఫోనులో అయితే మొహం మీద వేలితో తాకాలి. చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కాస్త పైకి జరిపితే సరి.

ఇక రంగులు. మబ్బు వెలుగులో నీలం పాలు ఎక్కువ, అందుకే ఫొటో చల్లబడినట్టు కనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్‌లో మబ్బు గుర్తును ఎంచుకుంటే వెచ్చదనం తిరిగొస్తుంది. ఎండలో తళతళల మాటున పాలిపోయే రంగులు మబ్బులో చిక్కగా కనిపిస్తాయి. ఆషాఢ బోనాల పసుపు కుంకుమలు, వేపమండలు, నాట్లు వేసే మడిలో ఎర్రచీర, వానకు తడిసిన మట్టి... వీటికి దగ్గరగా వెళ్లి తీయాలి. దూరపు కొండలు ఎలాగూ మసకగానే వస్తాయి. తడి ఆకుల మీది మెరుపు ఇబ్బంది పెడితే లెన్సుకు పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఈ వెలుగులో తప్పకుండా తీయాల్సింది మాత్రం ఇంట్లోని పెద్దవాళ్లని. తాతయ్య పోయాక గోడకి పటం కట్టించాలంటే చాలా ఇళ్లలో సరైన ఫొటో ఉండదు. ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోంచో, గుర్తింపు కార్డులోంచో మొహాన్ని కత్తిరించి పెద్దది చేయిస్తారు. అందులో పోలికలుంటాయి గానీ ఆ మనిషి నవ్వు ఉండదు. మబ్బు రోజున నాయనమ్మని వరండా అంచున కుర్చీలో, వాకిలి వైపు మొహం పెట్టి కూర్చోబెట్టాలి. తీసేవాళ్లు వాకిట్లో నిలబడాలి. ముడతలు గీతలు గీసినట్టు కాక మృదువుగా వస్తాయి. కళ్లలో ఆకాశం చిన్న మెరుపై నిలుస్తుంది. వెనక ఇల్లు చీకటిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ ప్లస్ అక్కర్లేదు. మొహం మరీ తెల్లబడితే కొద్దిగా మైనస్ వైపు జరపాలి. ‘నవ్వు’ అని అడక్కుండా పాత కబుర్లేవో కదిపితే చాలు, నవ్వు దానంతటదే వస్తుంది.

వంటింట్లో పకోడీలు వేగేలోపు అయిపోయే పని ఇది. వచ్చిన వాటిలో ఒకటి ప్రింటు వేయించి, ముందు ఆవిడ చేతికే ఇవ్వాలి. బాగుందో లేదో చెప్పాల్సింది ఆవిడే కదా!