మా తండ్రిగారును నా పాత మోటారును

పాఠశాల పత్రికకు ఏమైనను వ్రాసి పంపుడని సంపాదకులు నన్నడిగినప్పుడు, వారు గణితమును గూర్చి యొక వ్యాసము నాశించియుందురు. నేను లెక్కల పంతులను. ఇంగ్లండులో ఆక్సుఫర్డు నగరమునకు సమీపమున కాపురముండి, అచటి పిల్లలకు లెక్కలు చెప్పుచున్నాను. ఈ వ్యాసమునందును లెక్క యొకటి వచ్చును గాని, అది నేను బడిలో నేర్చినది కాదు.

2014వ సంవత్సరమున నేనొక పాత మోటారుకారును కొంటిని. కొంటిననుటకంటె, ఒక రైతు కొట్టములోనుండి దానిని విడిపించి తెచ్చితిననుట సత్యము. పదునేడేండ్లుగా అది గడ్డికట్టల నడుమ కదలక పడియుండెను. కోళ్లు దాని సీట్లపై గ్రుడ్లు పెట్టుచుండెడివి. ఎం.జి.బి. యనునది దాని పేరు. ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన, గుడ్డకప్పుగల పరుగుబండి. ఎం.జి. యనగా మోరిస్ గరాజెస్. సైకిళ్లు బాగుచేయుటతో బ్రతుకు నారంభించి మోటారు పరిశ్రమకు రాజైన విలియం మోరిస్ గారి ఆక్సుఫర్డు దుకాణము పేరే అది. 1962 మొదలు 1980 వరకు ఆబింగ్డన్ అను చిన్న పట్టణమున ఈ బండ్లను అయిదు లక్షలకు పైగా తయారుచేసిరి. నాది 1966లో పుట్టినది, నాకంటె మూడేండ్లు చిన్నది. దానిని లారీమీదనుండి దింపుచుండగా నా భార్య చూచి, "మీ నాయన చూస్తే నవ్వుతారు" అనెను. నాకు మాత్రము నవ్వు రాలేదు.

మా తండ్రిగారు గుంటూరులో మోటారు మెకానిక్కు. ఒక రేకుల షెడ్డు, దానిలో నొక గొయ్యి, ఇద్దరు కుర్రవాండ్రు, ఇదియే వారి కార్ఖానా. ఆ గోతిమీదికి వచ్చునవి చాలవరకు అంబాసిడరు టాక్సీలు. అంబాసిడరు అచ్చముగ మన దేశపు బండి యని మనమనుకొందుము గాని, దాని రూపము మోరిస్ ఆక్సుఫర్డు మూడవ సీరీసు అను ఇంగ్లీషు బండినుండి వచ్చినది. కలకత్తాకు సమీపమున ఉత్తరపారాలో 2014 వరకు దానిని చేయుచుండిరి. చాల యేండ్లు దానిలో నుండిన 1489 సీ.సీ. పెట్రోలు ఇంజనును, నా యెం.జి.బి.లోని 1798 సీ.సీ. ఇంజనును ఒక్క కుటుంబములోనివే. బి-సీరీస్ అని దానికి పేరు. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, ఒకటి, మూడు, నాలుగు, రెండు అను వరుసలో మండుట, ఇవన్నియు రెంటికిని సమానము. అనగా మా తండ్రిగారు జీవితమంతయు విప్పి బిగించిన వస్తువునే నేను అయిదువేల మైళ్ల దూరమున డబ్బిచ్చి కొని, దాని ముందు ఏమియు తెలియక నిలిచితిని.

ఏమియు తెలియకపోవుటకు కారణము చెప్పవలెను. 1975లో, నేను ఏడవ తరగతి చదువుచుండగా, ఉదయము పిల్లలను వరుసగా నిలిపి గోళ్లు పరీక్షించు ఆచారముండెను. ఒక ఆదివారము నేను షెడ్డులో కూర్చుండి కిరసనాయిలు గిన్నెలో బోల్టులు కడిగితిని. ఎంతో సంతోషముతో కడిగితినని చెప్పకపోవుట అబద్ధమగును. గోళ్ల సందులలోని నలుపు ఎంత తోమినను పోలేదు. మరునాడు నన్ను వరుసలోనుండి ముందుకు పిలిచి, రెండు చేతులను అందరికిని చూపుమనిరి. ఉపాధ్యాయులు కొట్టలేదు, కోపగింపనుకూడ లేదు. పిల్లలు నవ్విరి, అంతే. ఆ సాయంకాలము నేను షెడ్డునకు పోయి, పనివాండ్రిద్దరును వినుచుండగా, "నీ పని మురికి నాకెందుకు అంటించావు?" అని మా తండ్రిగారి నడిగితిని. వారు బదులు చెప్పలేదు. చేతిలోని పానాను క్రింద పెట్టి, కిరసనాయిలుతోను, పిమ్మట సబ్బుతోను మోచేతులవరకు కడుగుకొని, "ఇంటికి పోయి చదువుకో" అనిరి. మరునాటినుండి నన్ను షెడ్డులోనికి రానీయలేదు. నేనును పోవ కోరలేదు. ఆ కుర్రవాండ్రు నేర్చిన పనిని నేను నేర్వలేదు. లెక్కలు నేర్చితిని.

ఇక కారు సంగతి. ఎం.జి.బి.కి వేరుగ ఛాసిస్ లేదు. దేహమే దానికి ఎముకల గూడు. తలుపుల క్రింద గడపలవలె నుండు రెండు బోలు దూలములు బండి బరువును మోయును. ముందు చక్రములు చిమ్మిన బురద రెక్కల లోపల చేరి, నీరు పోవు రంధ్రములను మూసి, ఆ గడపలను లోపలినుండి తినివేయును. పైకి మాత్రము రంగు నున్నగా కనబడుచుండును. నేను అయస్కాంతముతో తడిమి చూడగా అది అంటుకొనలేదు. రంగు క్రింద ఇనుమునకు బదులు లప్పము! స్క్రూడ్రైవరుతో పొడిచినంతనే ఎండిన మట్టిపెళ్లవలె రాలిపోయెను.

నేను సాయంకాలపు తరగతిలో వెల్డింగు నేర్చి, క్రొత్త రేకులు తెప్పించి, ఎడమవైపు గడపను కోసివేసితిని. కోయుటకు పూర్వము తలుపు సందునకు అడ్డముగ ఇనుపకడ్డీని వెల్డు చేసికొనవలెనని పుస్తకమునందున్నది. ఆ పుట చదివితిని. చదివియు, ఎందులకులే యని మానితిని. గడప తీయగానే బండి నడుము వంగినది. తలుపు తెరవబోతిని, రాలేదు. పైభాగమున సందు మూసికొనిపోయెను. మరల జాకీలతో నడుమును వెంట్రుకవాసి చొప్పున లేపి, కడ్డీలు వేసి, కొలతలు సరిచూచి, చేసిన పనినే రెండవసారి చేయుటకు నాకొక శీతకాలము పట్టెను. ఆ దినములలో వారమువారమును మా తండ్రిగారికి టెలిఫోను చేయుచునే యుంటిని గాని కారు మాట ఎత్తలేదు. ఎత్తుటకు ముఖము చెల్లలేదు.

2016 వేసవిలో మా తల్లిగారు గతించిరి. ఆగస్టు నెలలో తండ్రిగారిని నాతో తెచ్చుకొంటిని. వారికప్పుడు డెబ్బదియెనిమిదేండ్లు. కంట శుక్లము ముదిరియుండెను. షెడ్డును చాలకాలము క్రిందటనే ఆ కుర్రవాండ్రలో నొకనికి విడిచిపెట్టిరి. మా యింట కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుండి వీధిని చూచుచుండెడివారు. పలుకరించిన పలుకుదురు. పెట్టిన తిందురు. మూడు వారములు ఇట్లు గడచెను.

ఒక శనివారము నేను ఇంజనును త్రిప్పబూని, క్రాంక్ షాఫ్టు కొనయందలి నట్టునకు పెద్ద పానా తగిలించి, పానాకు మూడడుగుల గొట్టము తొడిగి, బలముకొద్ది లాగుచుంటిని. అన్నియేండ్లు కదలని పిస్టనులు సిలిండర్లను పట్టుకొనిపోయియుండెను. "విరుగుద్ది, ఆపు" అను మాట వెనుకనుండి వినబడెను. తండ్రిగారు పంచె ఎగగట్టి గుమ్మములో నిలిచియుండిరి. వచ్చి, కారుచుట్టు ఒకసారి తిరిగి, "ఇద్దరికేనా? పిల్లలెక్కడ కూర్చుంటారు? వానొస్తే?" అనిరి. పిమ్మట ఇంజను మూతపై చేయి వేసి, ఒక నిమిషము తడిమి, "ఇది మనదేగా!" అనిరి. మా తల్లిగారు పోయిన పిమ్మట వారు అడుగకుండ మాటలాడుట అదియే మొదలు.

నాలుగు ప్లగ్గులను విప్పించి, ఆ రంధ్రములలో డీజిలును ఇంజను నూనెను కలిపి పోయించిరి. "మినప్పప్పు నానబోసి గంటకే రుబ్బుతామా?" అనిరి. ప్రతిదినమును భోజనమైన పిమ్మట పోయి చూచి, తగ్గినంత మరల పోయుచుండిరి. పదియవనాడు బండిని టాప్ గేరులో నుంచి, నన్ను వెనుకకును ముందుకును ఊపుమనిరి. చాలసేపు బండి ఊగుటయే గాని లోపల ఏమియు కదలలేదు. అంతట నిట్టూర్పువంటి చిన్న చప్పుడై, ఫ్యాను రెక్క ఒక్క అంగుళము జరిగెను. "రేపు ఇంకొంచెం" అని తండ్రిగారు లోనికి పోయిరి. ఆ రాత్రి వారు మజ్జిగ అన్నము రెండవమారు వడ్డించుకొనిరి.

వాల్వులను అరగదీయుట, పిస్టను రింగులు మార్చుట, గ్యాస్కెట్లు వేయుట మొదలగునవి వ్రాసిన పత్రిక నిండును గాన విడిచెదను. వాల్వుల సందు సరిచేసిన దినమును మాత్రము విడువలేను. వాల్వునకును దానిని నొక్కు రాకరునకును నడుమ అంగుళమును వేయి భాగములు చేసిన అందు 15 భాగములంత సందుండవలెను. తక్కువైన వాల్వు పూర్తిగ మూసికొనక కాలిపోవును. ఎక్కువైన టకటక కొట్టుకొనును. ఏ వాల్వును సరిచూడవలెనన్నను, క్యాము దానిని నొక్కకుండ పూర్తిగ తొలగియున్న సమయము కావలెను. ఆ సమయము నెట్లు కనుగొందుము? నేను పుస్తకము తెరచి పట్టిక వెదకుచుంటిని.

"ఎన్ని వాల్వులు?" అని తండ్రిగారడిగిరి.

"ఎనిమిది."

"ఒకటి కలుపు."

"తొమ్మిది."

"పూర్తిగా తెరుచుకున్న వాల్వు ఎన్నోదో చూడు. దాన్ని తొమ్మిదిలో తీసెయ్. మిగిలిందాన్ని సరిచెయ్యి. అంతే."

ఎనిమిదవది తెరచియున్న ఒకటవది, ఆరవది తెరచియున్న మూడవది, నాలుగవది తెరచియున్న అయిదవది. వాల్వులు రెండు కొనలనుండి అద్దములో ప్రతిబింబమువలె అమరియున్నవి. ఒకటవ సిలిండరు క్యామునకును నాలుగవదాని క్యామునకును సరిగా సగము చుట్టు ఎడము. రెండవదానికిని మూడవదానికిని అట్లే. కావున లెక్క తప్పదు. ఇరువదియైదేండ్లు గణితము బోధించిన నేను దీనిని నిరూపించుటకు ఒక పుట నింపితిని. అయిదవ తరగతితో బడి మానినవారు దీనిని ఎవరివద్దనో విని, గోతిలో నిలుచుండి జీవితమంతయు వాడుకొనిరి.

అంతట వారి సంచిలోనుండి రుమాలులో చుట్టిన ఫీలర్ గేజీ యొకటి బయటికి వచ్చెను. గుంటూరునుండి దుస్తులతోపాటు దాని నేల తెచ్చిరో నేనడుగలేదు. రేకులపై అంకెలు వారి కంటికానవు. బొటనవ్రేలితో ఒక్కొక్క రేకును వంచి చూచి, పదునైదును పట్టుకొనిరి. దానిని సందులో జొనిపి, లాగి, నా చేతికిచ్చి, "పుస్తకంలో పెట్టిన నెమలీకను లాగితే ఎట్లా వస్తుంది? అట్లా రావాలి" అనిరి. నాలుగింటిని తామే చేసి, మిగిలిన నాలుగింటికి నన్ను ముందుకు పిలిచిరి. నేను చేసినవానిని మరల పరీక్షింపలేదు. ఆ పాత సంగతి ఎత్తుటకు ఇదియే తరుణమనుకొంటిని. "నాయనా, ఆ రోజు షెడ్డులో..." అంటిని.

"ఏడోదానికి లాక్‌నట్టు బిగించావా?" అని వారడిగిరి.

బిగింపలేదు. బిగించితిని.

సోమవారము తరగతిలో తెల్లబల్లపై వ్రాయుచుండగా, ముందువరుసలోని బాలిక యొకతె నా వ్రేళ్లను చూచి, "సార్, మీ గోళ్లు!" అనెను. తరగతి నవ్వెను. మా తండ్రిగారు మోటారు మెకానిక్కనియు, ఆదివారమంతయు వారివద్ద పని నేర్చుకొంటిననియు చెప్పి, చేతులు రెండును ఎత్తి చూపితిని. మిగిలిన గంట తొమ్మిది లెక్కతోనే గడచిపోయెను. ఇంటికి వచ్చి ఆ సంగతి వారికి చెప్పలేదు.

డిసెంబరు చలికి ఓర్వలేక తండ్రిగారు గుంటూరు వెడలిపోయిరి. పోవుటకు ముందు షెడ్డు గోడపై సుద్దతో "ప్లస్సు బాడీకి" అని తెలుగున వ్రాసిరి. నేటి బండ్లలో బ్యాటరీయొక్క మైనస్ తీగ దేహమునకు చేరును. 1967 వరకు చేసిన ఎం.జి.బి.లలో ప్లస్ చేరును. తారుమారు చేసిన డైనమోకు కీడు. నేను పుస్తకము చదివియు మరచువాడనని వారికి ఎట్లో తెలిసియుండెను. ఆ వ్రాతను నేటివరకు తుడువలేదు.

బ్రేకులు, తీగలు, రంగు, ఇవి 2017వ సంవత్సరమంతయు తినివేసెను. 2018 ఏప్రిలులో మిగిలినది కార్బొరేటర్ల పని. ఈ బండికి అవి రెండు. మా తండ్రిగారు బాగుచేసిన బండ్లకు ఒక్కటే. రెండును సమానముగ గాలి పీల్చవలెను. రబ్బరు గొట్టమొకటి తీసికొని, ఒక కొనను చెవియందును, రెండవ కొనను ఒక్కొక్క కార్బొరేటరు నోటియందును ఉంచి, బుసను విని పోల్చుచు, స్క్రూలు త్రిప్పవలెను. ఇది నాకు పొరుగింటి ముసలాయన చూపెను.

ఇంజను మొదటిసారి నిలుకడగ తిరిగిన సాయంకాలము, గుంటూరులో రాత్రి పదిన్నర యయ్యెను. తండ్రిగారికి ఫోను చేసి, ఏమియు చెప్పక దానిని ఇంజను దగ్గర పట్టుకొంటిని. మరల చెవికి చేర్చుకొనగా అటువైపు చాలసేపు మాటలేదు.

"వాల్వులు బాగున్నయ్. ఆ బుసేంటి?" అనిరి.

రెండు కార్బొరేటర్ల సంగతియు, గొట్టము సంగతియు చెప్పితిని.

"అది నాకు తెలీదురా" అనిరి. కొంత తడవూరకుండి, "మళ్ళీ చెప్పు. నిదానంగా చెప్పు. ముందు ఏ స్క్రూ తిప్పాలి?" అనిరి.

నేను ఇంజనును ఆపి, షెడ్డులో నేలపై కూర్చుండి, మొదటినుండి చెప్పనారంభించితిని.