కోలారు బండిబాటలూ, మా జీపు టైర్లూ

క్రిందటి చలికాలంలో మేము నలుగురం ఒక పాత జీపులో కోలారు సీమ చూచి వచ్చాము. బెంగుళూరులో తరాలుగా స్థిరపడిన మనవారికి కోలారు పొరుగూరి వంటిదే. అక్కడి పల్లెల్లో చాలాచోట్ల దారి అడిగితే తెలుగులోనే చెబుతారు. అయినా తారురోడ్డు దిగి చూచినవారు తక్కువ. జీపుల సరదా ఉన్న మన కుర్రవారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట టైర్ల సంగతి. ఆ నేల అంతా ఒక తీరున ఉండదు. హైదరాలీ పుట్టిన ఊరని చెప్పే బూదికోట వైపు బండిబాటల్లో, ఎర్రమన్ను మధ్య పలుగురాళ్ళు కత్తుల్లా నిలబడి ఉంటాయి. వాటికి టైరు అడుగుకంటె ప్రక్కభాగమే ముందు తెగుతుంది. మాకూ తెగినది. అడుగున పంక్చరైతే అతుకు వేయవచ్చు గాని, ప్రక్కన తెగినదానికి మందు లేదు. స్టెప్నీ ఉన్నది కదా అని ధైర్యంగా దించి చూస్తే అందులో గాలి లేదు! ఎండలో కాలిపంపు తొక్కీ తొక్కీ నలుగురికీ పిక్కలు పట్టుకున్నవి.

బేతమంగళం దగ్గర పాలారు ఇసుకలో ఉపాయం వేరు. 30 పౌండ్ల గాలిని 20కి దించితే టైరు నేలపై వెడల్పుగా పరచుకొని, ఇసుకలో కూరుకుపోదు. మెల్లగా పోవాలి. తిరిగి తారురోడ్డుపై పరుగు తీసేముందు గాలి నింపుకోవాలి, లేకుంటే టైరు వేడెక్కి చెడుతుంది. ఎండిన చెరువులను మాత్రం నమ్మరాదు. పైన పగుళ్ళు, లోపల బురద. ట్యూబులేని టైరులో సర్కారుతుమ్మ ముల్లు దిగితే దారిలో పెరకవద్దు. ఊరు చేరేదాకా ఆ ముల్లే బిరడా.

ఇక బంగారు గనులు. 1902లోనే శివసముద్రం నుండి విద్యుత్తు వచ్చిన చోటు అది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినది. 2001 ఫిబ్రవరి 28న అన్నీ మూతబడినవి. మిగిలినవి సైనైడు గుట్టలు. రాతిని పిండి చేసి, సైనైడు నీళ్ళతో బంగారం లాగి, పారబోసిన పొడి అది. 2018 నాటి 'కె.జి.ఎఫ్.' సినిమా చూచినప్పటినుండి మాలో చిన్నవాడికి ఆ గుట్ట ఎక్కించాలని ఉబలాటం. టైర్ల గాలి కూడా దించాము.

గుట్ట క్రింది ఇంటి వాకిట్లోనుండి ఒక ముసలమ్మ చేయి ఊపినది.

"నాయనా, మీరు ఒకసారి తిరిగి పోతారు. ఆ దుమ్మంతా మా కూటికుండలో పడతాది."

అప్పుడు చూచాము. వానలకు గట్టిపడిన పైపొర, మాకంటె ముందు పోయిన చక్రాలక్రింద చిట్లి ఉన్నది. ఆ గాళ్ళవెంటే వాననీరు కాలువలు కోసినది. గాలి వీచినప్పుడల్లా పొడి ఇళ్ళవైపే లేస్తున్నది. చిన్నవాడు మారుమాట లేకుండా జీపు వెనక్కు త్రిప్పినాడు.

రాబర్ట్‌సన్‌పేటలో గాలి కొట్టించుకొని ఆవని దారి పట్టాము. అక్కడ కొండ క్రింద బండి ఆపి నడిచే ఎక్కాలి. త్రాగేనీళ్ళు వెంట తీసుకొని వెళ్ళండి.